గఫ్సాకి కరువు ఫాస్ఫేట్‌ది కాదు, నీళ్ళది

"ట్యునీషియాలో గఫ్సా ప్రాంతమంతా ఎడారేనా? అక్కడి జనం దేనిమీద బతుకుతారు?" అని అడిగారు. నేను స్ఫాక్స్ వైపు సముద్రతీరంలో ఒక ఫాస్ఫారిక్ యాసిడ్ ప్లాంటులో పనిచేశాను. ఎరువులకి వాడే ఆ యాసిడ్‌ని ఫాస్ఫేట్ అనే భాస్వరపు రాయి నుంచి తీస్తారు. మా ప్లాంటుకి ఆ రాయి వచ్చేది గఫ్సా గనుల నుంచే కాబట్టి అటు తరచూ వెళ్ళేవాణ్ణి.

ముందు ఎడారి సంగతి. పూర్తి ఎడారి కాదు. ఉత్తరాన గొర్రెలు మేసే మెట్ట మైదానాలు, దక్షిణాన ఉప్పునేలలు, ఆపైన సహారా, నడుమ బోడికొండల వరసలు. పడమటి అంచు అల్జీరియా సరిహద్దు. ఏడాదికి 20 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. అయినా గఫ్సా ఊరి పక్కన వందల ఏళ్ళుగా సాగులో ఉన్న ఒయాసిస్ తోట ఉంది. పైన ఖర్జూరం, దాని నీడన ఆలివ్, దానిమ్మ, ఆప్రికాట్, వాటి కింద కూరగాయలు, పశువుల మేత. ఒకే తడితో మూడు అంతస్తులకీ నీళ్ళు అందుతాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. కాస్త దూరంలో ఎల్ గెత్తార్ ఉంది, అక్కడి పిస్తాకి దేశమంతా పేరు. ట్రావెల్ వీడియోలు తీసేవాళ్ళు మాత్రం ఇక్కడ ఆగరు. ఒంటెల కోసం, సినిమా సెట్ల కోసం నేరుగా సహారా అంచునున్న తోజర్ ఊరికి వెళ్ళిపోతారు. గఫ్సాని కారు అద్దంలోంచి రెండు సెకన్లు చూపించి "ఇక్కడేమీ లేదు" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక బతుకుతెరువు. 1885లో ఫిలిప్ తోమా అనే ఫ్రెంచి సైనిక పశువైద్యుడు ఈ కొండల్లో ఫాస్ఫేట్ కనిపెట్టాడు. 1897లో కంపెనీ పెట్టారు, 1899కల్లా స్ఫాక్స్ రేవు నుంచి మెత్లావీ గనిదాకా రైలుమార్గం వేశారు. ఆ లైను చూస్తే చాలు, ఆ జిల్లా కథ తెలిసిపోతుంది. అది ఊళ్ళని కలపడానికి వేసింది కాదు, రాయిని రేవుకి తోలుకుపోవడానికి వేసింది. మెత్లావీ, రదయెఫ్, ఉమ్ అల్ అరాయిస్, మదీలా, ఈ నాలుగు ఊళ్ళూ గని చుట్టూ పుట్టి గని మీదే బతుకుతున్నాయి. సొరంగాలు మూసేసి యంత్రాలతో ఓపెన్‌కాస్ట్ మొదలుపెట్టాక ఉద్యోగాలు సగానికి పైగా పోయాయి. 2008 జనవరిలో గని కొలువుల ఫలితాలు వచ్చాయి. అందులో అన్యాయం జరిగిందని రదయెఫ్ జనం రోడ్డెక్కారు, ఆ ఉద్యమం నెలల తరబడి సాగింది. 2010 డిసెంబరులో పక్క జిల్లా సీదీ బూజీద్‌లో అంటుకున్న ప్రజా తిరుగుబాటు మంటకి పునాది ఇక్కడే పడిందని నా గట్టి నమ్మకం.

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే. ఒకసారి రదయెఫ్ కుర్రాడైన మా సహోద్యోగి వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. వాళ్ళమ్మగారు కుస్కుస్ పళ్ళెం తెచ్చిపెట్టి నవ్వారు. ఆమె ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. వెనకాలే వచ్చిన మనవడి పళ్ళూ అంతే. నాది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. అది ఫ్లోరైడ్ నీళ్ళు తాగితే వచ్చే గార అని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా నాయనమ్మ పళ్ళు అలాగే ఉండేవి, మా వీధిలో వంకరకాళ్ళ పిల్లల్ని చూస్తూ పెరిగాను. ఫాస్ఫేట్ రాయిలోనే ఫ్లోరిన్ ఉంటుంది, ఆ నేలలోని నీళ్ళలోకీ దిగుతుంది. వంటింటి గోడవారన నీలం ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి, బండివాడి దగ్గర కొన్న నీళ్ళు. "టీకీ, తాగడానికీ ఇవే. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు" అన్నాడు మావాడు.

తిన్నాక నన్ను ఊరి చివర వాగు దగ్గరికి తీసుకెళ్ళాడు. గనిలో తవ్విన రాయిని అలాగే పంపరు, మట్టీ బంకా పోయేలా కడిగి పంపుతారు. ఆ కడిగిన బురదనీళ్ళు వాగులోకి వదిలేస్తున్నారు. బూడిదరంగు చిక్కటి నీళ్ళు, ఒడ్డున ఎండి పెచ్చులు లేచిన బురద. ఆ కడిగే నీళ్ళు భూమిలోంచి బోర్లతో తోడినవే. ఇంట్లో బిందె నిండదు, రాయికి మాత్రం స్నానం జరుగుతుంది. గఫ్సా ఊరి సహజ ఊటలు ఎండిపోయి ఒయాసిస్ తోట కూడా ఇప్పుడు బోర్ల మీదే ఆధారపడింది. మావాడి తమ్ముడు డిగ్రీ చేసి, ఉద్యోగం కోసం తోటి కుర్రాళ్ళతో కలిసి ఫాస్ఫేట్ రైళ్ళు కదలకుండా పట్టాల మీద టెంట్ వేసుకుని కూర్చున్నాడు. 2010లో 80 లక్షల టన్నులున్న ఫాస్ఫేట్ ఉత్పత్తి ఆ మరుసటి ఏడాది సగానికంటే కిందికి పడిపోయిందంటే ఇలాంటి టెంట్లూ ఒక కారణం. వాళ్ళని సోమరులని తిట్టేవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కపూట ఉండి చూడాలి.

ఇది మనకీ సంబంధం లేని విషయం కాదు. గఫ్సా రాయితో ఫాస్ఫారిక్ యాసిడ్ చేసే స్ఖీరాలోని టిఫర్ట్ ప్లాంటులో మన కోరమాండల్ ఎరువుల కంపెనీ వాటాదారు. ఆ యాసిడ్ మన ఎరువుల తయారీకి వస్తుంది. డీఏపీ బస్తా ధర మీద టీవీల్లో గంటలకొద్దీ చర్చలు పెడతారు, ఆ భాస్వరం ఎవరి ఊరి నీళ్ళతో కడిగిందో ఒక్కరూ అడగరు.

దారి లేక కాదు. మొరాకోలో ఖురీబ్గా కూడా సముద్రానికి దూరంగా ఉన్న ఫాస్ఫేట్ జిల్లానే. అక్కడ ఊరి మురుగునీటిని శుద్ధిచేసి రాయి కడగడానికి వాడుతున్నారు. 2014 నుంచి రాయిని నీళ్ళతో కలిపి 187 కిలోమీటర్ల పైపులో తీరానికి పంపుతున్నారు, తీరంలో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటూ కట్టుకున్నారు. గఫ్సాలో ముందు కొలువులు కాదు, నీళ్ళు తేల్చాలి. గనికి మురుగునీరో సముద్రపు నీరో ఇచ్చి, బోర్ల నీళ్ళు ఫ్లోరైడ్ తీసేసి ఇళ్ళకీ, తోటలకీ వదలాలి. పిస్తా, ఆలివ్, దానిమ్మ ఆ నేలకి తెలిసిన పంటలే. రాయి అయిపోయాక కూడా ఆ జిల్లాకి తిండి పెట్టేవి అవే.