కరెంటు లైటును దీపం అనవచ్చా?

సందేహం: మా పాప గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి టేబుల్ ల్యాంప్ కొనుక్కుంది. నేను దాన్ని 'చదువు దీపం' అంటే, నూనె, వత్తి లేనిది దీపం ఎట్లవుతుందని నవ్వింది. మా అత్తమ్మ 'కందిలి' అంటుంది. ఏది సరైంది? ఇందులో రకాలకు తెలుగు పేర్లున్నాయా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

సమాధానం: మీ మాట సరైందేనమ్మా. దీపం అనే పదంలో నూనె లేదు, వత్తీ లేదు. సంస్కృతంలో 'దీప్' ధాతువుకు వెలుగు, ప్రకాశించు అని అర్థం. దీప్తి, ఉద్దీపన అక్కడినుంచి వచ్చినవే. కరెంటు వచ్చాక కూడా వీధి దీపాలను వీధి దీపాలనే అంటున్నాం కదా! వాటితో వాడే క్రియలు మాత్రం వేరు. నూనె దీపాన్ని ముట్టిస్తాం. అది ఆరితే ఆరిందనకుండా కొండెక్కిందంటాం. కరెంటు దీపాన్ని వేస్తాం, బంద్ చేస్తాం.

ఇక కందిలి. అరబ్బీ 'ఖిందీల్' ఉర్దూ మీదుగా మన దగ్గర కందిలి అయింది. దాని వెనకున్నది లాటిన్ 'కాండేలా'. ఇంగ్లిష్ క్యాండిల్ కూడా అందులోంచి పుట్టిందే. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో కందిలి అంటే గాజు చిమ్నీ, పైన పట్టుకునే కడ్డీ ఉన్న కిరోసిన్ లాంతరు. పొలానికో, పశువుల కొట్టానికో చేతపట్టుకుని పోయేది. చిమ్నీ లేని చిన్న బుడ్డిదీపం ఎక్క. అందుకే బల్లమీద కదలకుండా ఉండేదాన్ని కందిలి అనడానికి నాకు మనసొప్పదు. చార్జింగ్ పెట్టి వెంట తీసుకుపోయే లైటుకు మాత్రం ఆ పేరు చక్కగా అతుకుతుంది. అత్తమ్మ నోట ఉన్న అంత మంచి మాటను పోనివ్వకండి.

రకాలకు పేర్లంటారా, ఆకారాన్నో పనినో చూసి పెట్టుకోవచ్చు. దుకాణంలో గూస్‌నెక్ అనే దాన్ని బాతుమెడ అని మక్కికి మక్కి మార్చవద్దు, 'మెడ వంగే దీపం' అంటే చాలు. బల్ల అంచుకు బిగించేది ఇరుకు హాస్టల్ గదుల్లో అక్కరకొస్తుంది. అది 'బిగింపు దీపం'. స్ప్రింగులతో మోచేయిలా మడిచే రకాన్ని 1932లో ఇంగ్లండు ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ రూపొందించాడు. స్ప్రింగులు బరువును సరితూచడం వల్ల వేలితో ఎటు జరిపినా అక్కడే నిలుస్తుంది. నేనైతే దాన్ని 'కీళ్ల దీపం' అంటాను. కంసాలి పనికి, గడియారాల రిపేరుకు, పోచంపల్లి ఇక్కత్‌కు నూలు కట్లు కట్టేవాళ్లకు అలాంటి వెలుగే కావాలి. నేలమీద నిలబెట్టే పొడుగాటి దానికి కొత్త పేరెందుకు? దీపస్తంభానికి 'సెమ్మె' అనే మాట మనకు ఉండనే ఉంది.

మీ పాపకు మెడ వంగేదే మేలు. కుడిచేత్తో రాస్తే దీపాన్ని ఎడమవైపు పెట్టుకోమనండి, చేతి నీడ అక్షరాల మీద పడదు. 'టేబుల్ ల్యాంప్' అన్నా తప్పేమీ లేదు. రాతలో మాత్రం 'చదువుదీపం' అని కలిపి నిస్సందేహంగా రాయండి. గుడ్డిదీపం, బుడ్డిదీపం లాగే ఇదీ తెలుగు మాట సంస్కృత మాటతో కూడిన సమాసమే.