ఎక్కడ తెగిందో చూడండి

పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్ట్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోడు: మొదలుపెట్టాం, బాగానే సాగింది, మధ్యలో చెడింది. వాటిలో నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి చోటు ఎక్కువ పట్టింది. అది రాసినావిడ తనకు తెలియకుండానే సగం జవాబు కూడా రాసేశారు.

ప్రశ్న: మూడు నెలలు రోజూ పొద్దున్నే అరగంట నడిచాను. నిద్ర బాగా పట్టేది, నడుం నొప్పి కూడా తగ్గింది. తర్వాత ఒక సోమవారం జ్వరం వచ్చి బుధవారానికి తగ్గింది. గురువారం లేవగలిగేదాన్నే. కానీ ఎలాగూ ఈ వారం పాడైంది కదా, వచ్చే సోమవారం నుంచి పద్ధతిగా మొదలుపెడదాం అనుకున్నాను. ఆ సోమవారం ఆఫీసులో ఆడిట్. ఇప్పటికి నెలన్నర, బూట్లు ముట్టుకోలేదు. ప్రతిసారీ నా కథ ఇంతే. ఓటమిని పాఠంగా తీసుకోమని అందరూ అంటారు. నేను బద్ధకస్తురాలినని తప్ప ఇందులో నేర్చుకోడానికి ఏముంది?

జవాబు: మూడు నెలలు పొద్దున్నే లేచిన మనిషిని బద్ధకస్తురాలు అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ మాట పక్కన పెట్టి, మీరు రాసిన రోజుల పేర్లు చూద్దాం. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది అదే.

సోమ, మంగళ, బుధవారాలు మీరు నడవకపోవడమే మంచిదైంది. జ్వరంలో నడవకూడదు. ఆడిట్ వారం నడక కుదరకపోవడమూ అంత పెద్ద విషయం కాదు. మీ నడక తెగింది గురువారం పొద్దున. ఓపిక ఉంది, టైమ్ ఉంది, బూట్లు ఎదురుగానే ఉన్నాయి. 'ఎలాగూ వారం పాడైంది' అన్న ఒక్క ఆలోచన అడ్డుపడింది.

ఈ ఆలోచన మీ ఒక్కరిదే అనుకోకండి. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దీన్ని ఐస్‌క్రీమ్‌తో పరీక్షించారు. రుచి చూసి చెప్పండి అంటూ అందరి ముందూ ఐస్‌క్రీమ్ పెట్టారు. కొందరికి మాత్రం దానికి ముందు మిల్క్‌షేక్ తాగించారు. తిండి విషయంలో పెద్దగా పట్టింపులేని వాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. కడుపు నిండింది మరి. నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు! నియమం ఎలాగూ చెడింది, ఇక లెక్కేముంది అన్నట్టు. మద్యం మానేవాళ్లతో ఏళ్ల తరబడి పనిచేసిన ఆలన్ మార్లట్ కూడా ఒకసారి జారడం వేరు, పాత అలవాటులోకి పూర్తిగా వెళ్లిపోవడం వేరు అని చెబుతూ వచ్చారు. ఆ రెంటికీ మధ్య చాలా తేడా తెచ్చేది, జారిన మనిషి తన గురించి తాను ఏమనుకున్నాడన్నదే. 'నా బతుకింతే' అనుకున్నవాడు రెండోసారి లేవడు.

లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. రోజూ చేసే ఒక చిన్న పని అలవాటుగా కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చూశారు. 18 రోజుల నుంచి 254 రోజుల దాకా లెక్క తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి. (21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.) మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది ఒక రోజు సంగతి, వారాలు మానేసినా ఏమీ కాదని కాదు. మీ గురువారం ఇంకా ఆ ఒక రోజు దగ్గరే ఉంది, దాన్ని మీరు నెలన్నర చేశారు.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. 'ప్రతిసారీ' అన్నారు కదా, గుర్తున్నంత వరకు వెనక్కి వెళ్లండి. పోయినసారి, అంతకుముందు ఆగిపోయినప్పుడు, చేయగలిగి ఉండి కూడా చేయని మొదటి రోజు ఏది? ఆ రోజు మనసులో అనుకున్న మాట ఏది? కారణాల జోలికి పోకండి. జ్వరం, ఆడిట్, వాన, ఇవన్నీ మారుతూ ఉంటాయి. నా అనుమానం, ప్రతిచోటా మీకు 'వచ్చే సోమవారం' లాంటి మాటే కనబడుతుంది. అదే నిజమైతే మీకు నడక వచ్చు, ఆగాక మళ్లీ మొదలుపెట్టడం రాదు. అది విడిగా నేర్చుకోవాల్సిన పని.

ఎలా అంటే, వారం మధ్యలో, బుధవారమో గురువారమో మొదలుపెట్టండి. సోమవారం మాత్రం వద్దు. మొదటి నాలుగు రోజులు పది నిమిషాలు చాలు. అరగంట కుదరకపోతే నడక లెక్కలోకి రాదని మీ మనసులో ఉన్నట్టుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ చెప్పింది. ఒక్కో విడత కనీసం పది నిమిషాలైనా ఉండాలని అంతకుముందు ఉన్న షరతును తీసేసింది. అసలు చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలే అని కూడా అందులోనే ఉంది. నెల బాగా సాగాక, కావాలని రెండు రోజులు ఆపి మూడో రోజు మొదలుపెట్టండి. వింతగా అనిపిస్తుందని తెలుసు. కానీ ఆగి మొదలుపెట్టడం, ఏ కష్టమూ లేనప్పుడు ఒకసారి చేసి చూస్తే, జ్వరం తర్వాత అంత బరువుగా అనిపించదు. జ్వరం తర్వాత ఏం చేస్తారో కూడా ముందే రాసిపెట్టుకోండి: 'జ్వరం తగ్గి ఒక రోజు మామూలుగా గడిస్తే, మర్నాడు బూట్లు వేసుకుని వీధి చివరిదాకా వెళ్లొస్తాను.' ఇలా 'ఇది జరిగితే అది చేస్తాను' అని ముందే నిర్ణయించుకున్న వాళ్లు అనుకున్న పని ఎక్కువగా చేస్తారని మనస్తత్వ పరిశోధకుడు పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనల్లో తేలింది. విల్‌పవర్ గురించి నేనేమీ చెప్పలేదు, చూశారా? దాని అవసరం ఇంకా రాలేదు.

ప్రశ్న: రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాను. ఆదివారం బయట ఒక పూట గట్టిగా తిన్నాను. సోమవారం చూస్తే కిలోన్నర పెరిగింది. కోపంతో ఆ రోజంతా ఏమీ తినలేదు. రాత్రి పదకొండింటికి మాత్రం ఆగలేక దొరికిందల్లా తినేశాను. ఇది నాకు శరీరం ఇస్తున్న హెచ్చరికా?

జవాబు: కిలోన్నరలో హెచ్చరిక ఏమీ లేదు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. కిలోన్నర కొవ్వు పెరగాలంటే మీ అవసరానికి మించి పదకొండు వేలకు పైగా కేలరీలు తినాలి. ఆదివారం ఒక్క పూటలో అది మీ వల్ల కాదు, నా వల్లా కాదు. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. పిండిపదార్థం గ్లైకోజెన్‌గా నిల్వ అయినప్పుడు ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పైగా తిన్న తిండి బరువు కూడా లోపలే ఉంది కదా. రెండు మూడు రోజుల్లో చాలా వరకు దిగిపోతుంది.

మీరు పట్టించుకోవాల్సింది సోమవారం రాత్రి పదకొండు గంటలు. పగలంతా పస్తుంటే రాత్రి అలా జరగడంలో వింత లేదు. అది ఆదివారం చేసిన తప్పు కాదు, సోమవారం మీరు వేసుకున్న శిక్ష ఫలితం. మర్నాడు మామూలుగా మూడు పూటలా తినండి. బరువు రోజూ ఒకే వేళకు చూసి, వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. ఆ సగటు నెల పాటు పెరుగుతూ పోతే అప్పుడు మాట్లాడుకుందాం. త్రాసు చూసినప్పుడల్లా ఆ రోజు పాడవుతుంటే దాన్ని అటక ఎక్కించినా నాకు అభ్యంతరం లేదు. ఒక్క మినహాయింపు: గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి బరువు చూసుకోమని డాక్టర్ చెప్పినవాళ్లకు ఈ జవాబు వర్తించదు. వాళ్లకు రెండు రోజుల్లో కిలోన్నర పెరగడం వెంటనే డాక్టర్‌కు చెప్పాల్సిన విషయం.

ప్రశ్న: నాన్నగారికి పెద్ద ఆపరేషన్ జరిగింది. రెండు నెలలుగా ఆసుపత్రి, ఇల్లు. వ్యాయామం, ధ్యానం, టైముకి నిద్ర, అన్నీ పోయాయి. ఫ్రెండ్స్ మాత్రం 'ప్రతి ఎదురుదెబ్బా ఒక ఫీడ్‌బ్యాక్' అని మెసేజ్‌లు పెడుతున్నారు. చదివితే ఒళ్లు మండుతోంది. నాలోనే తేడా ఉందా?

జవాబు: మీలో తేడా ఏమీ లేదు. నాన్నగారి ఆపరేషన్ మీ ప్రణాళిక బాగుందో లేదో చెప్పడానికి రాలేదు. అన్నింట్లోనూ పాఠం వెతకమనడం, అలసిపోయిన మనిషికి ఇంకో హోంవర్క్ ఇవ్వడమే. ప్రస్తుతానికి ఏమీ నేర్చుకోకండి. వ్యాయామం ఆగితే ఆగనివ్వండి. కండ, దమ్ము కొంత తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. ఇంట్లో ఇంకొకరు ఉంటే వారంలో రెండు రాత్రులు నాన్నగారి దగ్గర వాళ్లను ఉండమనండి. మీకు ఇప్పుడు కావాల్సింది నిద్ర. అయితే, రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు మనసు కుంగిపోయి, ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం అలసటే అనుకుని ఊరుకోవద్దు. డాక్టర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: పరుగు మొదలుపెట్టాను. నాలుగు కిలోమీటర్లు దాటితే చాలు, మోకాలు నొప్పి. పది రోజులు ఆపితే తగ్గుతుంది, మళ్లీ అక్కడే మొదలవుతుంది. పట్టించుకోకుండా పరుగెత్తమంటున్నారు.

జవాబు: పట్టించుకోండి. ఒకే దూరం దగ్గర ఒకే నొప్పి తిరిగి తిరిగి వస్తోందంటే మోకాలు ఇంతకంటే స్పష్టంగా చెప్పలేదు. విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది కానీ నాలుగు కిలోమీటర్ల భారాన్ని మోసే బలం రాదు. అందుకే ప్రతిసారీ అక్కడికే చేరుతున్నారు. రెండున్నర, మూడు కిలోమీటర్లకు దిగండి. మధ్యమధ్య నడవండి. తొడ కండరాలకు, తుంటి కండరాలకు వారంలో రెండు మూడు రోజులు బలం పెంచే వ్యాయామాలు చేయండి. ఆ తర్వాతే దూరం కొద్దికొద్దిగా పెంచండి. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు నొప్పి మామూలు కంటే ఎక్కువుంటే ముందురోజు దూరం ఎక్కువైందని లెక్క, వెనక్కి తగ్గండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, నడుస్తుంటే పట్టు తప్పుతున్నట్టు అనిపించినా, రాత్రి పడుకున్నాక కూడా నొప్పి లేపినా ఈ వ్యాయామాలేవీ మొదలుపెట్టకండి. ముందు ఎవరికైనా చూపించుకోండి.