వేడి చేసిన నీలం అసలైనదేనా?

నీలం చరిత్ర ఏమిటి, వేడి చేసిన రాయిని అసలైనదిగా లెక్కించవచ్చా, నగలకు తప్ప ఇది మరెందుకైనా పనికొస్తుందా అని మీరు అడిగారు. రత్నాలను పరీక్షించే పనిలో చాలాకాలం గడిపిన అనుభవంతో సమాధానం ఇస్తున్నాను. కొనేవారు ఎక్కువగా తికమకపడేది రెండవ ప్రశ్న దగ్గరే కనుక దానికే ఎక్కువ చోటు కేటాయిస్తాను.

నీలం, కెంపు రెండూ కురువిందం అనే ఒకే ఖనిజం. స్వచ్ఛమైన కురువిందం కేవలం అల్యూమినియం ఆక్సైడు; దానికి ఏ రంగూ ఉండదు. అందులో కొద్దిపాటి క్రోమియం చేరితే కెంపు అవుతుంది, ఇనుము, టైటానియం జంటగా చేరితే నీలం అవుతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నూయ్, పొడిని మంటలో కరిగించి కెంపును తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు గాని, నీలం కోసం మొదట కోబాల్టును వాడి విఫలమయ్యాడు. ఇనుము, టైటానియం ఆక్సైడ్లను కలిపిన తరువాతే, 1910 ప్రాంతంలో, ఆయనకు ఆ రంగు చిక్కింది.

శ్రీలంకలోని రత్నపుర ప్రాంతపు నదీ గర్భాల నుండి ఈ రాళ్లు ప్రాచీన కాలం నుండీ ప్రపంచానికి చేరుతూనే ఉన్నాయి. అయినా అన్నిటికన్నా ఎక్కువ పేరు కాశ్మీర్ నీలానిదే. 1881 ప్రాంతంలో పాడర్ వద్ద, దాదాపు 4,500 మీటర్ల ఎత్తున, కొండచరియ విరిగిపడి బయటపడిన ఆ గని సమృద్ధిగా రాళ్లనిచ్చింది కొన్నేళ్లు మాత్రమే. లోపలి అతి సూక్ష్మమైన కణాలు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ రాళ్లకు మఖమలు వంటి మెత్తని నీలిమ వస్తుంది.

ఇక వేడి సంగతి. చాలా నీలాలలో రూటైల్ అనే టైటానియం ఆక్సైడు సన్నని సూదులుగా పేరుకుని ఉంటుంది. రత్న వర్తకులు దీన్నే పట్టు అంటారు. శ్రీలంకలో గ్యూడా అని పిలిచే పాలిపోయిన రాళ్లను 1,600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేస్తే, ఆ సూదులు కరిగి టైటానియం స్ఫటికంలో కలిసి, అక్కడున్న ఇనుముతో జతకట్టి నీలిరంగునిస్తుంది. అంటే రంగుకు కావలసిన సరుకు రాతిలోనిదే, బయటినుండి తెచ్చింది కాదు. అందుచేత వేడిచేసిన నీలం అసలైన నీలమే. అయితే వేడి సోకని మేలురకం రాయి అరుదు కనుక దాని ధర చాలా ఎక్కువగా ఉంటుంది. బెరీలియం వంటి మూలకాన్ని బయటినుండి చొప్పించడం, పగుళ్లలో కోబాల్టు రంగు గాజును నింపడం వేరే విషయాలు. గాజు నింపిన రాయి నగ మరమ్మతులో తగిలే మంటకే పాడవుతుంది. దాన్ని నీలం పేరుతో అమ్మడం నా దృష్టిలో మోసమే.

సూక్ష్మదర్శిని కింద తెగి చుక్కలుగా మిగిలిన సూదులు వేడికి గుర్తు. సహజమైన రాతిలో రంగు పట్టీలు తిన్నగా సాగి కోణాలుగా మలుపు తిరుగుతాయి, వెర్నూయ్ పద్ధతి రాతిలో అవి వంపు గీతలుగా ఉంటాయి, అక్కడక్కడ గాలిబుడగలూ కనిపిస్తాయి. అలా తయారైన రాయి రసాయనికంగా నీలమే కాబట్టి గాజుముక్కతో సమానం చేయరాదు, కాని సహజమని అమ్మకూడదు.

పరిశ్రమలు వాడుకునేది ఈ తయారీ రాయినే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుండి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో 9 కాఠిన్యం ఉండటం వల్ల ఖరీదైన చేతిగడియారాల అద్దాలకు, లోపలి ఇరుసుల బేరింగులకు రంగులేని లేదా కెంపురంగు కురువిందాన్ని వాడతారు. తెల్లని ఎల్ఈడీ దీపాలలో వెలుతురును పుట్టించే గాలియం నైట్రైడు పొరను చాలావరకు పలుచని కురువిందం బిళ్లల మీదే పెంచుతారు. టైటానియం కలిపిన కురువిందంతో 1982లో రూపొందిన లేజరు అత్యల్ప సమయం మాత్రమే ఉండే వెలుతురు మెరుపులను (పల్స్‌లను) పుట్టించడానికి నేటికీ పరిశోధనశాలల్లో వాడుకలో ఉంది.

మీరు కొనదలిస్తే, ధ్రువపత్రంలో రాయి సహజమా కాదా అన్నదానితో పాటు వేడి, చొప్పింపు, గాజు పూరకం గురించి విడివిడిగా ఏమి రాశారో చూడండి. ఆ వివరాలు లేని పత్రం మీ రెండవ ప్రశ్నకు జవాబివ్వదు.