ఒక్క కారణాంకం ఎప్పుడూ ఎందుకు తప్పిపోతుంది?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఆరో తరగతి చదువుతోంది. ఏ సంఖ్యకైనా కారణాంకాలు రాయమంటే ఒకటో రెండో వదిలేస్తుంది. మొన్న పరీక్షలో 72కి 1, 2, 3, 4, 6, 8, 9, 12, 24, 36, 72 అని రాసింది. 18 వదిలేసింది, మార్కు పోయింది. 91 ప్రధాన సంఖ్య అని కూడా రాసింది. ‘అన్నీ వచ్చాయో లేదో నాకెలా తెలుస్తుంది?’ అని ఏడుస్తోంది. నాకు ఏం చెప్పాలో తోచడం లేదు. పరీక్షలంటే ఇద్దరికీ టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి ఏడుస్తూ అడిగినా, చాలా గొప్ప ప్రశ్న అడిగిందమ్మా. ఆ మాట ముందు తనకి చెప్పండి. చాలామంది పిల్లలు తోచినవి రాసేసి, ఇక తోచనప్పుడు ఆపేస్తారు. తను మాత్రం అన్నీ వచ్చాయని రుజువేమిటని అడుగుతోంది. ఆ రుజువు ఉంది, ఆరో తరగతి పిల్లకి పూర్తిగా అర్థమవుతుంది కూడా.

ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాక నేను గమనించింది ఒకటుంది. తప్పిపోయే కారణాంకం దాదాపు ఎప్పుడూ పెద్ద సగంలోనే ఉంటుంది. 2, 3, 4 లాంటి చిన్నవాటిని పిల్లలు జాగ్రత్తగా చూస్తారు. చివర ఆ సంఖ్యనీ, దానిలో సగాన్నీ గుర్తుపెట్టుకుంటారు. మధ్యలో ఉన్న 18, 24 లాంటివి మాత్రం జారిపోతాయి. ఒకే వరుసలో చిన్నదాని నుంచి పెద్దదాని వైపు రాసుకుంటూ పోవడమే దీనికి కారణం. అలా రాస్తే 12 తర్వాత 13, 14, 15 అంటూ 36 దాకా ప్రతిదాన్నీ భాగించి చూడాలి. అంత ఓపిక ఎవరికుంటుంది?

రెండు వరుసల్లో రాయించండి. ఒక సంఖ్య 72ని శేషం లేకుండా భాగించిందంటే, వచ్చిన భాగఫలం కూడా 72ని భాగిస్తుంది. 72ని 4తో భాగిస్తే 18 వస్తుంది. అంటే 4 దొరికినప్పుడే 18 కూడా చేతికొచ్చేసింది. ఎడమవైపు 4 రాసి, పక్కనే కుడివైపు 18 రాసేస్తే ఇక అది తప్పిపోయే అవకాశమే లేదు. 72 మొత్తం ఇలా వస్తుంది:

1 × 72
2 × 36
3 × 24
4 × 18
6 × 12
8 × 9

5తో, 7తో భాగిస్తే శేషం మిగులుతుంది కాబట్టి వాటిని దాటేశాం. 8 తర్వాత 9ని చూడబోతే అది కుడివైపు అప్పటికే ఉంది. అక్కడితో పని అయిపోయింది. ఎడమ వరుస పైనుంచి కిందికి, కుడి వరుస కిందినుంచి పైకి చదివితే పన్నెండు కారణాంకాలూ వరుసక్రమంలో వస్తాయి.

ఇక తన ప్రశ్నకి వద్దాం. 8 దగ్గర ఆగిపోతే అన్నీ వచ్చినట్టేనని ఎలా చెప్పగలం? ఇంకొక జత మిగిలిపోయిందని అనుకుందాం. 8 దాకా అన్నీ చూసేశాం కాబట్టి, ఆ జతలోని రెండు సంఖ్యలూ 9 గానీ అంతకంటే పెద్దవి గానీ అయ్యుండాలి. కానీ 9 × 9 అంటేనే 81. అది 72ని దాటిపోయింది. కాబట్టి అలాంటి జత ఉండటానికి వీల్లేదు. ఈ ఐదు వాక్యాలనీ మీ అమ్మాయి తన మాటల్లో మీకు తిరిగి చెప్పగలిగితే చాలు, భయం దానంతటదే పోతుంది. ఎక్కడ ఆగాలో తెలియకపోవడం వల్ల వచ్చిన భయమే అది. వర్గమూలం అన్న మాట ఇప్పుడే చెప్పక్కర్లేదు. ‘దాన్ని దానితోనే గుణిస్తే మన సంఖ్య దాటిపోతుందా?’ అని అడుగుతూ ఉంటే సరిపోతుంది.

91 సంగతికీ ఇదే సమాధానం. 10 × 10 అంటే 100, కాబట్టి వందలోపు ఏ సంఖ్యనైనా 9 దాకా చూస్తే చాలు. అందులోనూ ప్రధాన సంఖ్యలనే చూడాలి. 2 భాగించనిదాన్ని 4, 6, 8 ఎలాగూ భాగించవు, 3 భాగించనిదాన్ని 9 భాగించదు. మిగిలేవి 2, 3, 5, 7. అంటే వందలోపు పెద్ద సంఖ్య ఏదైనా ప్రధాన సంఖ్యా కాదా అన్నది నాలుగు భాగహారాల్లో తేలిపోతుంది. 2నీ 5నీ చివరి అంకె చూసి చెప్పేయవచ్చు. 3కి అంకెలు కూడితే సరి: 51లో 5 + 1 = 6, 57లో 5 + 7 = 12, రెండూ 3 గుణిజాలే కాబట్టి 51, 57 ప్రధాన సంఖ్యలు కావు. ఈ మూడు పరీక్షలకీ దొరక్కుండా 7కి మాత్రమే దొరికే సంఖ్యలు వందలోపు మూడే మూడు ఉన్నాయి: 49, 77, 91. మొదటి రెండూ ఎక్కాల్లో నోటికొచ్చినవే. పిల్లల్ని మోసం చేసేది 91 ఒక్కటే. 7 × 13 = 91 అని ఒక్కసారి మనసులో నాటుకుంటే వందలోపు ఇంక చిక్కేమీ లేదు.

అంకెలు కూడే పద్ధతి ఎందుకు పనిచేస్తుందో కూడా చెప్పండి. 57 అంటే ఐదు పదులు, ఏడు ఒకట్లు. ప్రతి పదిలోనూ ఒక 9, ఒక 1 ఉన్నాయి. ఐదు తొమ్మిదులు 3కి ఎలాగూ లొంగుతాయి. మిగిలింది ఐదు ఒకట్లు, ఏడు ఒకట్లు, అంటే 5 + 7. వందకైతే 99, 1. కారణం తెలిసిన సూత్రం పరీక్ష హాల్లో మరిచిపోయినా మళ్లీ తయారు చేసుకోవచ్చు. అందుకే సూత్రాల పట్టికని బట్టీ పట్టించడం నాకు ఇష్టం ఉండదు.

జవాబు పత్రం చూడకుండానే మీరు సరిచూసే దారి ఒకటుంది. 72ని ప్రధాన కారణాంకాలుగా విడగొడితే 2 × 2 × 2 × 3 × 3. ఇందులో 2 మూడుసార్లు, 3 రెండుసార్లు వచ్చాయి. ఒక్కో లెక్కకి ఒకటి కలిపి గుణించండి: 4 × 3 = 12. అంటే 72కి పన్నెండు కారణాంకాలు ఉండి తీరాలి. మీ అమ్మాయి పదకొండే రాసింది కాబట్టి ఒకటి తప్పిందని అప్పుడే తెలిసిపోయేది. ఎందుకు ఒకటి కలపాలంటే, 2ని అసలు తీసుకోకపోవచ్చు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు తీసుకోవచ్చు. అలా నాలుగు దారులు. 3కి మూడు దారులు. ఒక్కో దారి కలయికకి ఒక్కో కారణాంకం.

ఇది వచ్చాక 360 లాంటి పెద్ద సంఖ్యకి కూడా జంకదు. 360 అంటే 72 × 5. 72లో 5 లేదు. కాబట్టి 72 కారణాంకాలు పన్నెండూ అలాగే ఉంటాయి, వాటిని 5తో గుణిస్తే ఇంకో పన్నెండు వస్తాయి: 5, 10, 15, 20, 30, 40, 45, 60, 90, 120, 180, 360. మొత్తం 24. ఇక్కడ ఒక జాగ్రత్త: కొత్త ప్రధాన సంఖ్యతో గుణించినప్పుడే ఇలా రెట్టింపవుతుంది. 72ని 2తో గుణించి 144 చేస్తే 24 రావు, 15 మాత్రమే వస్తాయి. 2 అప్పటికే అందులో ఉంది కదా.

ఇంకో చిన్న పొరపాటు కూడా చాలా మంది చేస్తారు. 84ని 4 భాగిస్తుంది, 6 భాగిస్తుంది, అందుకని 24 కూడా భాగిస్తుందని రాసేస్తారు. భాగించదు. 4లోనూ 6లోనూ 2 ఉమ్మడిగా ఉంది, దాన్ని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని 4, 7 లాంటివైతే గుణించుకోవచ్చు, 28 భాగిస్తుంది.

రోజూ బోలెడు లెక్కలు చేయించకండమ్మా. ఒక్కటి ఇవ్వండి, 84 గానీ 96 గానీ. చేశాక ‘ఇక్కడే ఎందుకు ఆగావు?’ అని అడగండి.

ప్రశ్న: కారణాంకాలు జతలుగా వస్తాయంటారు కదా. మరి 36కి నాకు ఎప్పుడు చేసినా తొమ్మిదే వస్తున్నాయి. ఒకటి తప్పిపోతోందా? — ఏడో తరగతి విద్యార్థి

జవాబు: ఏమీ తప్పలేదు నాన్నా, సరిగ్గా చేశావు. 1 × 36, 2 × 18, 3 × 12, 4 × 9, ఆ తర్వాత 6 × 6. ఈ చివరి జతలో రెండూ ఒకటే సంఖ్య, దాన్ని ఒకసారే రాస్తాం. అందుకే బేసి సంఖ్య వచ్చింది. ఇలా వర్గ సంఖ్యలకి మాత్రమే జరుగుతుంది. సరిగ్గా మూడే కారణాంకాలు ఉన్న సంఖ్యలు ఏవో ఇప్పుడు నువ్వే వెతుకు. మొదటిది 4, తర్వాతది 9. ఆ తర్వాత 16 అనుకుంటావేమో, కాదు.

ప్రశ్న: పోటీ పరీక్షలకి చదువుతున్నాను. 2747 కారణాంకాలు అడిగారు. 2, 3, 5, 7 అంటూ 37 దాకా భాగించి విసిగిపోయి వదిలేశాను. ఇంకో దారి ఉందా? — ఒక పాఠకుడు

జవాబు: ఇంకొక్క మెట్టు ఎక్కి ఉంటే 41 దగ్గర దొరికేది! అయినా మీ సంఖ్యకి ఇంకో దారి బాగా కుదురుతుంది. భాగించడం మానేసి, ఆ సంఖ్యకి పైనున్న వర్గాలు చూడండి. 53 వర్గం 2809. అందులోంచి 2747 తీసేస్తే 62, అది వర్గం కాదు. 54 వర్గం 2916. తీసేస్తే 169, అది 13 వర్గం. అంటే 2747 = 54² − 13². ఇక 54 − 13 = 41, 54 + 13 = 67. రెండు అడుగుల్లో తేలిపోయింది.

ఈ పద్ధతిని ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా పేరుతో పిలుస్తారు. ఆయన 17వ శతాబ్దంలో దీనితోనే 2027651281ని 44021 × 46061గా విడగొట్టాడు. అంతకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, 1356లో, మన నారాయణ పండితుడు గణిత కౌముది అనే తన గ్రంథంలో కారణాంకాలు కనుక్కునే పద్ధతులు వివరించాడు. వర్గాల తేడాతో సంఖ్యని విడగొట్టడం కూడా వాటిలో ఉంది. ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేజీ అయినా ఉండాలని నా గట్టి కోరిక.

పరీక్షలో మాత్రం దీన్నే నమ్ముకుని కూర్చోకండి. రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఇది త్వరగా ఫలిస్తుంది. ఒకటి చాలా చిన్నది, ఇంకొకటి చాలా పెద్దది అయితే మామూలు భాగహారమే నయం. ముందు చిన్న ప్రధాన సంఖ్యలు కొన్ని చూడండి, దొరక్కపోతే వర్గాల వైపు నాలుగైదు అడుగులు వేయండి.

ప్రశ్న: సి భాష నేర్చుకుంటున్నాను. 1 నుంచి ఆ సంఖ్య దాకా ఒక్కోదానితో భాగించి కారణాంకాలు చెప్పే ప్రోగ్రాం రాశాను. ఆరు అంకెల సంఖ్యకి వెంటనే చెబుతోంది, 12 అంకెల సంఖ్య ఇస్తే గంట దాటినా కదల్లేదు. నా స్నేహితుడేమో మంచి కంప్యూటర్ ఉంటే ఎంత పెద్ద సంఖ్యకైనా చెప్పేస్తుందంటున్నాడు. — ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: మీ లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం, లక్ష కోట్ల దాకా తిరగాల్సి వస్తోంది. పైన చెప్పిన జతల సంగతే ఇక్కడా వర్తిస్తుంది. మీరు భాగించి చూసే సంఖ్యని i అనుకుంటే, i × i మీరిచ్చిన సంఖ్యని దాటగానే ఆపేయండి, శేషం లేకుండా భాగించే i దొరికినప్పుడల్లా భాగఫలాన్ని కూడా రాసుకోండి. రెండూ సమానమైతే ఒకసారే రాయండి. లక్ష కోట్ల పని పది లక్షలకి దిగుతుంది, అదే కంప్యూటర్‌లో రెప్పపాటులో అయిపోతుంది.

ప్రధాన కారణాంకాలు మాత్రమే కావాలంటే ఇంకా తగ్గించవచ్చు. దొరికినదానితో భాగించేసి, మిగిలిన భాగఫలం మీదే కొనసాగండి. 4294967297 తీసుకోండి. ఇది 2³² + 1. ప్రధాన సంఖ్య అని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ అనే గణితవేత్త దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. 641తో భాగిస్తే మిగిలేది 6700417. ఇక 65 వేల దాకా వెళ్లే పని లేదు, 2588 దాటగానే అది ప్రధాన సంఖ్యేనని తేలిపోతుంది.

మీ స్నేహితుడి మాట మాత్రం నిజం కాదు. అంకెలు రెండు పెరిగితే ఈ పద్ధతిలో పని పదింతలవుతుంది. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అనే ముగ్గురు తమ రహస్య సంకేత పద్ధతికి సవాలుగా 129 అంకెల సంఖ్యని ఒకటి ఇచ్చారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో అది అచ్చయింది. 1994లో గానీ అది విడిపోలేదు. అప్పుడు కూడా దాదాపు 600 మంది తమ కంప్యూటర్లని ఇంటర్నెట్ ద్వారా జోడించి పనిచేస్తే, 64 అంకెల సంఖ్య ఒకటి, 65 అంకెల సంఖ్య ఒకటి బయటపడ్డాయి. వాళ్లు వాడిన పద్ధతి కూడా వర్గాల తేడా అన్న ఆలోచన నుంచి పుట్టిందే. గుణించడం సులువు, విడగొట్టడం కష్టం అన్న ఈ తేడా మీదే ఆ సంకేత పద్ధతి నిలబడి ఉంది. ఈ రోజుల్లో అందులో వాడే సంఖ్యలకి సాధారణంగా ఆరు వందలకు పైగా అంకెలు ఉంటాయి.

మీ ప్రోగ్రాం మార్చేటప్పుడు ఒకటి చూసుకోండి. i ని మామూలు ఇంట్‌గా, అంటే సాధారణంగా 32 బిట్ల చోటు మాత్రమే ఉండే పూర్ణసంఖ్యగా, ప్రకటించి ఉంటే, అది 46341కి చేరగానే i × i ఆ చోటులో పట్టదు. లెక్క తప్పిపోయి లూప్ అసలు ఆగకపోవచ్చు. i ని కూడా ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్‌గా పెట్టండి. సరిచూసుకోవడానికి 999999999989 ఇవ్వండి. 12 అంకెల ప్రధాన సంఖ్యల్లో ఇదే అన్నిటికంటే పెద్దది. 1, ఆ సంఖ్య తప్ప ఇంకేదైనా వస్తే కోడ్‌లో తప్పున్నట్టే.