మా ఆడకుక్క, మగకుక్క ఒకే ఈత పిల్లలు. ఆడది ఎదకొస్తే మగదాన్ని అదే ఇంట్లో ఉంచొచ్చా? డైపర్ వేస్తే సరిపోతుందా?

ఉంచొచ్చండి. మా ఇంట్లోనూ ఒక మగది, ఒక ఆడది కలిసే పెరిగాయి. కానీ డైపర్‌ను మాత్రం నమ్ముకోకండి. అది నేల మీద మరకలు పడకుండా చూస్తుంది, అంతే. మగకుక్క తలచుకుంటే దాన్ని లాగి పారేయడం ఎంతసేపు? మీవి ఒకే ఈత పిల్లలని రాశారు, ఆ ధీమా కూడా వద్దు. కుక్కలకు వావివరసలు ఉండవు.

అందరూ పొరబడేది రక్తం దగ్గరే. మొదట్లో, సుమారు 9 రోజులు, రక్తం పడుతుంది, మగది దగ్గరికొస్తే ఆడది గుర్రుమని తరిమేస్తుంది. తర్వాత ఎరుపు తగ్గి లేత గడ్డి రంగులోకి మారుతుంది. హమ్మయ్య, అయిపోయిందనుకుని తలుపులు తీసేస్తారు. అసలు జతకట్టే రోజులు అవే! ఇన్నాళ్ళూ కరవబోయినదే తోక పక్కకు తిప్పి నిలబడుతుంది. పైగా కొన్ని ఎప్పటికప్పుడు నాకేసుకుంటాయి కాబట్టి రక్తం మన కంటపడదు. అందుకే రంగు చూసి కాదు, మొదటి చుక్క కనబడిన రోజు నుంచి లెక్కపెట్టి 4 వారాలు విడిగా ఉంచండి.

విడిగా అంటే మధ్యలో రెండు తలుపులు. ఒకటి మూశాకే రెండోది తీయాలి, ఇంట్లో పిల్లలకు కూడా ఇది గట్టిగా చెప్పాలి. మగది తిండి మానేస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది, కనబడిన ప్రతి మూలా తడుపుతుంది. మా వాడి గోల పడలేక తర్వాత్తర్వాత ఆ నెల వాణ్ణి బంధువులింటికి పంపేసేవాళ్ళం. వీలుంటే మీరూ అదే చేయండి, రెండింటికీ సుఖం. ఆడదాన్ని బయటికి తీసుకెళ్తే బెల్టు వదలొద్దు, ఎంత మాట వినేదైనా సరే.

ఒకవేళ రెండూ జతకట్టి, విడిపోకుండా లాక్ అయిపోతే లాగకండి, నీళ్ళు పోయకండి. ఒక్కోసారి అరగంట పడుతుంది, వాటంతటవే విడిపోతాయి. లాగితే రెండింటికీ గాయాలవుతాయి. ఆ వెంటనే డాక్టర్‌తో మాట్లాడండి.

మగదానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినా కొన్ని వారాల దాకా కడుపు చేయగలదు, ఆ రోజే కలిపేయొద్దు. ఆడదానికైతే ఎదలో ఉండగా ఆపరేషన్ చేస్తే రక్తస్రావం ఎక్కువవుతుందని, మామూలుగా ఎద అయిపోయాక 2-3 నెలలు ఆగమంటారు. ఈలోగా అది నీళ్ళు విపరీతంగా తాగుతూ, నీరసంగా పడుంటే గర్భాశయంలో చీము పట్టిందేమో అనుమానించాలి. చీము బయటికి కారకపోయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.