ముందు డిస్కు, తర్వాతే పెట్టె

చి. అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లో బ్యాకప్ సర్వర్ పెట్టాలనుకుంటున్నావనీ, నాస్ పెట్టె (డిస్కులు పెట్టి నెట్‌వర్క్‌లో వాడుకునే రెడీమేడ్ సర్వర్) ఒకటి చూసి ఉంచావనీ అమ్మ ఫోన్లో చెప్పింది. డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదువు. పెట్టె ఎంచుకోవడం ఆఖరి పని. ముందు డేటా ఎంత ఉందో తేలాలి, తర్వాత డిస్కులు, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్. ఈ మూడూ కుదిరాక ఏ పెట్టె చాలుతుందో నీకే తెలుస్తుంది. పెట్టెతో మొదలుపెట్టిన వాళ్లకు డిస్కుల దగ్గరికి వచ్చేసరికి డబ్బు చాలదు, ఒకే డిస్కుతో సరిపెట్టుకుంటారు.

కాగితం మీద రెండు గడులు గీయి. మొదటి గడిలో పోతే మళ్లీ దొరకనివి రాయి: పిల్లల ఫొటోలు, వీడియోలు, అమ్మాయి చూసే ట్యాలీ లెక్కలు, స్కాన్ చేసిన దస్తావేజులు. రెండో గడిలో మళ్లీ తెచ్చుకోగలిగినవి: సినిమాలు, ఇన్‌స్టాలర్లు, గేములు. రెండో గడిని పూర్తిగా వదిలేయి. మొదటిది 800 జీబీ తేలిందనుకుందాం. పాత వెర్షన్లు నిలవ ఉండాలి, ఫొటోలు ఏటా పెరుగుతాయి కాబట్టి మూడింతలు వేసుకో: 2.4 టీబీ. అంటే 4 టీబీ డిస్కు సరిపోతుంది. విండోస్‌లో పెడితే అది 3.63 అని చూపిస్తుంది, కంగారు పడకు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది.

అలాంటి డిస్కులు మూడు కావాలి. ఒకటి సర్వర్ లోపల. రెండు బయట యూఎస్‌బీకి పెట్టేవి, వాటిలో ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఖమ్మంలో అమ్మ దగ్గర. నువ్వు ఖమ్మం వెళ్లినప్పుడల్లా అవి చోట్లు మారతాయి. రెండు డిస్కులు సర్వర్లోనే పెట్టి రైడ్ 1 (రెండింటిలోనూ ఒకే డేటా ఒకేసారి రాసే పద్ధతి) చేస్తే చాలదా అంటావేమో. రైడ్ కాపాడేది ఒక్క ప్రమాదం నుంచే, ఒక డిస్కు చచ్చిపోవడం. పిల్లవాడు ఫోల్డర్ చెరిపేస్తే అదే క్షణంలో రెండింటిలోనూ చెరిగిపోతుంది. పిడుగు పడినా, దొంగ ఎత్తుకుపోయినా, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా రెండూ కలిసే పోతాయి. దుకాణం ఒక్క గంట కూడా ఆగకూడదనుకునే వాళ్లకు రైడ్ కావాలి. మీ ఇంట్లో సర్వర్ రెండు రోజులు ఆగినా కొంప మునగదు. ఆ రెండో డిస్కు డబ్బును ఖమ్మం డిస్కు మీద పెట్టు.

సర్వర్ లోపల పెట్టే డిస్కు కొనేటప్పుడు సీఎంఆర్, ఎస్ఎంఆర్ అనే రెండు రాత పద్ధతుల తేడా తప్పక చూడాలి. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే గీతలు, విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఒకటి వచ్చేలా ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవాటిని ఎత్తి మళ్లీ పరచాలి కదా, ఇక్కడా అంతే. మొదట్లో వేగంగానే రాస్తుంది, లోపలున్న తాత్కాలిక జాగా నిండాక వేగం ఒక్కసారిగా పడిపోతుంది. వెస్ట్రన్ డిజిటల్ రెడ్ పేరుతో అమ్మిన 2 నుంచి 6 టీబీ డిస్కుల్లో ఈ పద్ధతి ఉందని 2020లో బయటపడింది. ఆ తర్వాతే సీఎంఆర్ రకానికి రెడ్ ప్లస్ అని వేరే పేరు పెట్టారు. కాబట్టి రెడ్ వేరు, రెడ్ ప్లస్ వేరు. బిల్లు మీద రెండో మాట ఉందో లేదో చూసుకో. సీగేట్‌లో అయితే ఐరన్‌వుల్ఫ్ తీసుకో, 4 టీబీ బారాకుడా వద్దు, అది ఎస్ఎంఆర్. బయట పెట్టే రెండింటికీ ఇంత పట్టింపు అక్కర్లేదు. జేబులో పట్టే చిన్న పోర్టబుల్ డిస్కులు పెద్ద సైజుల్లో దాదాపు అన్నీ ఎస్ఎంఆరే, అయినా నెలకోసారి వరసగా రాసే పనికి అవి చాలు.

డిస్కు ఇంటికి రాగానే డేటా ఎక్కించకు. ముందు స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే, డిస్కు ఆరోగ్యం చదివే ప్రోగ్రామ్‌తో దాని జాతకం చూడు. 9 అనే నంబరున్న వరుసలో ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది, కొత్తదైతే సున్నాకో ఒకటికో దగ్గరుండాలి. అక్కడి అంకె చెరిపి వాడిన డిస్కును కొత్తదిగా అమ్మేవాళ్లున్నారు. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే వేరే చిట్టా ఉంటుంది, స్మార్ట్‌మాన్‌టూల్స్ 7.4 నుంచి అది కూడా చదువుతుంది. రెండు చోట్లా గంటలు కలవకపోతే అదే రోజు తిప్పి పంపు. సీరియల్ నంబరును కంపెనీ వారంటీ పేజీలో కొట్టి, మన దేశంలో వారంటీ చెల్లుతుందో లేదో కూడా చూడు. బయటి దేశాల కోసం తయారైన సరుకు కాస్త చవగ్గా దొరుకుతుంది, చెడిపోతే ఇక్కడ ఎవరూ పట్టించుకోరు.

తర్వాత అందులోనే లాంగ్ టెస్ట్ పెట్టు, డిస్కంతా చదివి చూసే పరీక్ష అది. 4 టీబీకి ఏడెనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకో. పొద్దున 5, 197, 198 నంబర్ల వరుసలు మూడూ సున్నా ఉండాలి, అవి డిస్కులో చెడిన చోట్ల లెక్క. 197లో ఒక్క అంకె కనిపించినా ఆ డిస్కు మనకొద్దు, గడువు దాటకముందే వాపసు చెయ్యి. 199 మాత్రం వేరు, డిస్కుకూ కంప్యూటర్‌కూ మధ్య డేటా తప్పుగా వెళ్లిన లెక్క అది. అది పెరుగుతుంటే తప్పు దాదాపు ఎప్పుడూ డిస్కును మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడు, ఆ అంకె తగ్గదు గానీ పెరగడం ఆగుతుంది. దాన్ని చూసి మంచి డిస్కును పారేయకు.

ఇక పెట్టె. బ్యాకప్‌కు ప్రాసెసర్ బలం పెద్దగా అక్కర్లేదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఇంటెల్ ఆరు, ఏడో తరం ప్రాసెసర్లలో దాదాపు వేటినీ విండోస్ 11 తీసుకోదు. అందుకని ఆఫీసుల్లోంచి తీసేసిన ఐ5 డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ బజారులో చూడు. లినక్స్‌కు అవి ఇంకా ఏళ్ల తరబడి పనికొస్తాయి. సన్నటి క్యాబినెట్ వద్దు, టవర్ అడుగు. దుకాణంలోనే మూత తీయించి లోపల చూడు: 3.5 అంగుళాల డిస్కుకు ఎన్ని గూళ్లున్నాయి, సాటా పవర్ వైర్లు ఎన్ని మిగిలాయి. ఈ బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటి ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) వాళ్ల సొంత కొలతల్లో ఉంటుంది, పోతే మామూలు ఏటీఎక్స్ రకం పట్టదు. వైరు చాలలేదని మోలెక్స్ అనే పాత రకం పవర్ వైరు నుంచి సాటాకు మార్చే చవక కనెక్టర్ ఇస్తానంటే వద్దను. ప్లాస్టిక్‌లో పోతపోసిన రకంలో తీగలు లోపలే దగ్గరపడి కాలిన సందర్భాలున్నాయి. బయాస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగులు) పాస్‌వర్డ్ తీయించు, మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ కొత్తది వేయించు. ర్యామ్ 8 జీబీ. ఆపరేటింగ్ సిస్టమ్ కోసం 128 జీబీ చిన్న ఎస్ఎస్‌డీ. పెన్‌డ్రైవ్ మీద నడపకు, లాగ్‌లు రాసి రాసి అది అరిగిపోతుంది.

ఇలాంటిది ఊరికే ఉన్నప్పుడు 20 వాట్లు తాగుతుందనుకున్నా నెలకు 14.4 యూనిట్లు. ఎంత లాగుతోందో ప్లగ్ మీటరు పెట్టి కొలువు. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఇంతకన్నా తక్కువ తాగుతుంది నిజమే, కానీ దాని యూఎస్‌బీ నుంచే డిస్కుకు కరెంటు ఇస్తే రాసే మధ్యలో డిస్కు తెగిపోతుంటుంది. అది వాడితే సొంత అడాప్టర్ ఉన్న డిస్కే పెట్టాలి. నువ్వు చూసిన నాస్ పెట్టె చెడ్డదని నేననను. నువ్వు నెలల తరబడి ఆన్‌సైట్‌లో ఉండి, ఇంట్లో అమ్మాయి ఒక్కతే చూసుకోవాల్సి వస్తే అదే మంచిది. ఆ మాట మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి.

సర్వర్‌ను వైఫై మీద పెట్టకు, రౌటర్ నుంచి వైరు లాగు. గిగాబిట్, అంటే 1000 మెగాబిట్ల మీద 1 టీబీ రెండున్నర గంటల్లో వెళ్తుంది, 100 మెగాబిట్ల మీద ఒక రోజు పైనే. గిగాబిట్ పోర్టు ఉండి కూడా 100 అని చూపిస్తే జాక్ చూడు. 100కు నాలుగు తీగలు చాలు, 1000కి ఎనిమిదీ తగలాలి. క్రింపింగ్‌లో ఒక్క తీగ లోపలిదాకా పోకపోయినా వేగం పదో వంతుకు పడిపోతుంది. కేబుల్ కొనేటప్పుడు ముక్క కత్తిరించి తీగను బ్లేడుతో గీకి చూడు. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, రెండుసార్లు వంచితే తెగుతుంది. లోపలిదాకా ఎర్రగా ఉన్నదే కొను.

కరెంటు సంగతి. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అనుకోకు. చాలా ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో కరెంటు మార్చేలోపు కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. వెనక యూపీఎస్ మోడ్ మీట ఉంటే దానికి మార్చు, అయినా 600 వీఏ యూపీఎస్ ఒకటి విడిగా పెట్టు, యూఎస్‌బీ పోర్టు ఉన్నది. ఆ పోర్టును సర్వర్‌కు కలిపి నట్ అనే ప్రోగ్రామ్ పెడితే బ్యాటరీ అడుగంటేలోపు సర్వర్ తనే పద్ధతిగా ఆగుతుంది. బయాస్‌లో కరెంటు తిరిగొస్తే ఆన్ అయ్యేలా పెట్టు, లేకపోతే నువ్వు ఊళ్లో లేని వారమంతా అది ఆగే ఉంటుంది. యూపీఎస్‌లోని 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాలి. సర్వర్‌ను అటక మీద పెట్టకు. మే నెలలో అక్కడి వేడికి డిస్కు 55 డిగ్రీలు దాటుతుంది. 45 లోపు ఉంటే మంచిది, 50 దాటితే చోటు మార్చు.

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్‌కు ఓపెన్‌మీడియావాల్ట్ చాలు. డెబియన్ లినక్స్ మీద నడుస్తుంది, బ్రౌజర్లోంచే అన్నీ చూసుకోవచ్చు. ట్రూనాస్ అనే ఇంకొకటి కూడా మంచిదే, కానీ దాని బలమంతా జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్, అంటే డిస్కు మీద ఫైళ్లు అమర్చే పద్ధతి. ఒక్క డిస్కుతో జెడ్ఎఫ్ఎస్ మామూలుగా తప్పును పట్టుకుంటుంది గానీ సరిచేయలేదు. ఆ తప్పు పట్టే పని రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ కూడా చేస్తుంది కాబట్టి కింద లినక్స్ మామూలు ఫైల్ సిస్టమ్ ఎక్స్‌ట్4 ఉన్నా ఇబ్బంది లేదు.

ల్యాప్‌టాప్‌లలో రెస్టిక్ పెట్టు. చాలామంది చేసే పెద్ద తప్పు, సర్వర్ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లో జెడ్ డ్రైవ్‌గా తగిలించి అందులోకి కాపీ చేయడం. ల్యాప్‌టాప్‌కు రాన్సమ్‌వేర్ పడితే అది ఆ డ్రైవ్‌ను కూడా తినేస్తుంది. సర్వర్‌లో రెస్ట్ సర్వర్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను అపెండ్ ఓన్లీ పద్ధతిలో నడుపు. అప్పుడు ల్యాప్‌టాప్ కొత్తవి చేర్చగలదు గానీ పాతవి చెరపలేదు. పాతవి తీసేసే పని సర్వర్ మీదే జరగాలి: 7 రోజులవి, 4 వారాలవి, 12 నెలలవి ఉంచమను.

ట్యాలీ విషయం మరువకు. కంపెనీ తెరిచి ఉండగా ఫైళ్లు కాపీ చేస్తే సగం పాతవి, సగం కొత్తవి వచ్చి ఆ కాపీ తెరుచుకోకపోవచ్చు. రెస్టిక్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి విండోస్ షాడో కాపీ (ఫైళ్లు తెరిచి ఉన్నా అన్నిటినీ ఒకే క్షణం నాటివిగా తీసే ఏర్పాటు) వాడమని చెప్పు, దానికి తోడు అమ్మాయిని రోజూ ట్యాలీలోనే ఒక బ్యాకప్ తీయమను. బ్యాకప్ వేళ రాత్రి రెండింటికి పెట్టకు, అప్పుడు ల్యాప్‌టాప్ మూసి ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పెట్టి, తప్పిపోతే ఆన్ చేయగానే నడిచేలా టాస్క్ షెడ్యూలర్‌లో గుర్తు పెట్టు. పని పూర్తయిన ప్రతిసారీ సందేశం వెళ్లాలి, రెండు రోజులు సందేశం రాకపోతే నీ ఫోన్ మోగాలి. హెల్త్‌చెక్స్ అనే సేవ అదే చేస్తుంది. తప్పు జరిగితేనే కబురు పెట్టే ఏర్పాటు పనికిరాదు, ఆగిపోయిన ప్రోగ్రామ్ కబురెలా పెడుతుంది?

రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ డేటాను ఎవరూ తెరవలేరు. కాగితం మీద రాసి ఒకటి మీ బీరువాలో, ఒకటి ఖమ్మంలో పొలం కాగితాలతో పాటు ఉంచు.

నెలకోసారి సర్వర్ మీద రెస్టిక్ చెక్ నడుపు, డేటాలో పన్నెండో వంతు చొప్పున చదివిస్తే ఏడాదికి మొత్తం అయిపోతుంది. అది తప్పుల్లేకుండా ముగిశాకే బయటి డిస్కుకు కాపీ చెయ్యి. వరస మారిస్తే చెడిపోయిన కాపీ వెళ్లి మంచి దాని మీద కూర్చుంటుంది. అదే రోజు ఒక ఫొటో, ఒక వీడియో, ఒక ట్యాలీ ఫోల్డర్ వెనక్కి తెచ్చి తెరిచి చూడు. ట్యాలీది అమ్మాయి చేతే తెరిపించు, లెక్క కలిసిందో లేదో తనకే తెలుస్తుంది. ఆరు నెలలకోసారి ఖమ్మం డిస్కును సర్వర్‌తో సంబంధం లేని వేరే ల్యాప్‌టాప్‌కు తగిలించి అక్కడినుంచి కూడా తెచ్చి చూడు.

ప్రస్తుతానికి ఒక్క డిస్కే కొను. లాంగ్ టెస్ట్ అయ్యాక 5, 9, 197, 198, 199 వరుసలు కనిపించేలా ఫొటో తీసి పంపు, చూసి చెప్తాను. సీటీసీకి వెళ్లినప్పుడు మూత తీయించాక లోపలి ఫొటో కూడా పంపు, బేరం తర్వాత ఆడదాం.

ఇట్లు
మామయ్య