మలుగు పిల్లలు తగ్గాయంటే నీటిలో రోగం ఉన్నట్టు కాదు

ప్రశ్న: నదీ మొగ దగ్గర పోటు నీటిలో అనుమతితో పట్టిన మలుగు (పాములా పొడవుగా ఉండే చేప) పిల్లలను తెచ్చి తొట్లలో పెంచుతున్నాను. నాలుగేళ్లుగా పిల్లల రాక తగ్గుతోంది. ఈసారి మరీ తక్కువ. వచ్చినవి కూడా బక్కగా ఉన్నాయి, తొట్టిలో వేసిన వారంలోపే కొన్ని చనిపోతున్నాయి. నీటిలో వైరస్ ఉందని, కాలువలో బ్లీచింగ్ చల్లి తొట్లలో ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేయమని మందుల డీలరు చెప్పారు. రెండుసార్లు వేశాను. నష్టం పూడ్చుకోవడానికి వర్షాలకు తూము గుండా దిగే పెద్ద మలుగులను వల కట్టి పడుతున్నాను. పిల్లలు మళ్లీ పెరగాలంటే ఏ మందు వాడాలి?

జవాబు: ఏ మందూ వాడవద్దు. ముందు బ్లీచింగ్ ఆపండి. మొగలో రోగం ఉంటే వలలో చచ్చిన పిల్లలు పడాలి. చచ్చిన మలుగు పిల్ల గాజుతనం పోయి పాలలా తెల్లబడుతుంది, వల ఎత్తగానే కంటికి ఆనుతుంది. మీరు అలాంటివి చూసినట్టు రాయలేదు. పిల్లలు మీ కాలువకు వచ్చి చావడం లేదు, అసలు రావడమే లేదు. లోపం సముద్రపు దారిలో ఉంది. బ్లీచింగ్ చేసేదల్లా వచ్చిన ఆ నాలుగు పిల్లల మొప్పలను కాల్చడమే.

మీ పిల్లలు ఏ జాతివో రాయలేదు కాబట్టి బాగా తెలిసిన రెండు జాతుల సంగతి చెబుతాను. ఐరోపా మలుగు అట్లాంటిక్ మహాసముద్రంలోని సర్గాసో సముద్రంలో పుడుతుంది. జపాన్ మలుగు పసిఫిక్‌లో మరియానా దీవులకు పడమరన పుడుతుంది. దాని గుడ్లను 2009 మే నెలలో, అమావాస్య ముందు రోజుల్లో, పరిశోధకులు మొదటిసారి సముద్రంలోంచి తీయగలిగారు. ఒక్కో గుడ్డు 1.6 మిల్లీమీటర్లు. దాంట్లోంచి వచ్చే పిల్ల పాములా ఉండదు, పలచని గాజు ఆకులా ఉంటుంది. ప్రవాహానికి ఎదురీదే బలం దానికి లేదు. నీరు ఎటు తీసుకెళితే అటు వేల కిలోమీటర్లు కొట్టుకొస్తుంది. దారిలో దాని తిండి పై పొరల నుంచి రాలే సేంద్రియ నలుసులు. ఈ ప్రవాహం, ఈ తిండి, రెండూ మారుతున్నాయి.

పసిఫిక్‌లో ఉత్తర భూమధ్యరేఖా ప్రవాహం పడమర కొసన రెండు పాయలుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కురోషియో. పిల్లలను జపాన్, చైనా, కొరియా, తైవాన్ తీరాలకు చేర్చేది ఇదే. దక్షిణపు పాయ మిండనావో ప్రవాహం, అందులో పడిన పిల్ల దారి తప్పినట్టే. వర్షానికి పలుచబడిన నీరు, ఉప్పు నీరు కలిసే సరిహద్దును ఆనవాలు పట్టి తల్లులు గుడ్లు పెడతాయి. ఎల్ నినో, అంటే పసిఫిక్ నడిమి నీరు మామూలుకంటే వేడెక్కే మార్పు, వచ్చిన ఏడాది ఆ సరిహద్దు దక్షిణానికి జారుతుంది, గుడ్లు పెట్టే చోటూ దాంతో జారుతుంది. అదే సమయంలో పాయలు చీలే చోటు ఉత్తరానికి జరుగుతుంది. దాంతో ఎక్కువ పిల్లలు తప్పుడు పాయలో పడిపోతాయి.

అట్లాంటిక్‌లో తిప్పలు తిండి దగ్గర. గాలి లేని ఎండ రోజున చెరువులో పై నీరు వేడిగా, అడుగు నీరు చల్లగా ఉండి రెండూ కలవకపోవడం మీరు చూసే ఉంటారు. సర్గాసో పై పొర వేడెక్కితే అక్కడా అంతే. అడుగున ఉన్న పోషకాలు పైకి రావు, సూక్ష్మ మొక్కలు తగ్గుతాయి, పిల్లకు అందే నలుసులు తగ్గుతాయి. ఐరోపాలో పిల్లల రాక 1980 ప్రాంతం నుంచి కూలిపోయింది. 1960–79 సగటుతో పోలిస్తే ఇప్పుడు ఉత్తర సముద్ర తీరానికి వచ్చేవి సుమారు 1 శాతం. మిగతా ఐరోపా తీరాల్లో పదో వంతుకు అటూఇటూ. ఆ సముద్రాలపై సలహా ఇచ్చే అంతర్జాతీయ శాస్త్ర మండలి ఐసీఈఎస్ 2021 నుంచి ఒక్క మలుగునూ పట్టవద్దనే చెబుతోంది. పెంపకానికి పట్టే పిల్లలు కూడా ఆ మాట కిందికే వస్తాయి.

మీ పిల్లలు బక్కగా ఉండటానికీ మూలం ఇక్కడే ఉందని నా అనుమానం. ఆకు రూపం నుంచి గాజు పిల్లగా మారేటప్పుడు దాని పళ్లు ఊడిపోతాయి, తీరం చేరేదాకా ఏమీ తినదు. సముద్రంలో కూడబెట్టుకున్న కొవ్వే ఆధారం. అక్కడ తిండి చాలకపోతే మీ వల దగ్గరికి నీరసంగా వస్తుంది. అలాంటి పిల్ల మీద మీరు యాంటీబయాటిక్ పోశారు. అది వైరస్‌ను చంపదు. వడపోతలో అమ్మోనియాను (చేపల విసర్జన నుంచి పుట్టే విషాన్ని) హరించే మేలు బ్యాక్టీరియాను చంపుతుంది. వారంలో పోయిన పిల్లలకు అమ్మోనియానే కారణం కావచ్చు. ఈ రోజే అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయించి, మూడో వంతు నీరు మార్చండి. ల్యాబ్‌లో తేలకుండా ఏ యాంటీబయాటిక్ డబ్బా మూతా తీయవద్దు. పిల్లను చేతిలోకి తీసుకుని చూడకుండా, నీటి చుక్క పరీక్షించకుండా వైరస్ అని తేల్చిన మనిషి చెప్పింది రోగనిర్ధారణ కాదు, అమ్మకం.

కొత్త పిల్లలు తెచ్చిన రోజు తొట్టి నీటికీ నది నీటికీ 2 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. తర్వాత రోజుకు 1 నుంచి 2 డిగ్రీల చొప్పున 25 డిగ్రీలకు పెంచండి. కరిగిన ఆక్సిజన్ లీటరుకు 6 మిల్లీగ్రాములకు తగ్గనివ్వవద్దు. 100 లీటర్ల నీటిలో అయోడిన్ కలపని ఉప్పు కిలో కరిగించి, 15 నిమిషాలు, ఒక్కసారి ముంచి తీయండి. తేలిపోయినా, పక్కకు ఒరిగినా వెంటనే తీసేయండి. తొట్టిని చీకటిగా ఉంచండి. మొదటి రెండు రోజులు మేత వద్దు, మూడో రోజు నుంచి చేప గుడ్ల ముద్ద రోజుకు ఆరేడుసార్లు చిటికెడు చొప్పున వేయండి. అరగంటలో తినని ముద్దను తీసేయండి.

ఇక మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసిన తూము వల గురించి. ఉత్తరం మొత్తంలో నన్ను కలవరపెట్టింది అదే. వర్షపు చీకటి రాత్రుల్లో కిందికి దిగే ఆ పెద్ద మలుగులను ఒకసారి దీపం వెలుగులో చూడండి. కళ్లు పెద్దవై, వీపు నల్లబడి, పొట్ట వెండిలా మెరుస్తుంటే అది గుడ్లు పెట్టడానికి సముద్రానికి బయల్దేరిన మలుగు. ఇక మేత ముట్టదు, పేగు ముడుచుకుపోతుంది. ఏళ్ల తరబడి నదిలో పెరిగి, జన్మలో ఒక్కసారి చేసే ప్రయాణం అది. ఒక్క తల్లి కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. సముద్రంలో పిల్లలు బతికే పాళ్లు పడిపోయిన ఈ రోజుల్లో, ఆ తల్లిని తూము దగ్గర ఆపడం విత్తనాల గాదెకు నిప్పు పెట్టుకోవడమే. మీరు వదిలిన తల్లి పిల్లలు మీ మొగకే వస్తాయని చెప్పను. ఐరోపా మలుగులన్నీ ఒకే మంద, పిల్లలు ఏ తీరానికైనా చేరవచ్చు. అందుకే ప్రతి తూము దగ్గరా వదలాలి. ఐరోపా సమాఖ్య 2007లో చేసిన చట్టం లక్ష్యం కూడా ఇదే: మనిషి జోక్యం లేకపోతే సముద్రానికి చేరే వెండి మలుగుల్లో కనీసం 40 శాతం బరువు మేర చేరాలి.

వరద రాత్రుల్లో, అమావాస్య రోజుల్లో సంధ్య నుంచి తెల్లవారే దాకా తూము తలుపు ఎత్తి ఉంచండి. పంపు నోటికి 10 మిల్లీమీటర్లకు మించని సందులున్న జాలీ బిగించండి.

తొట్లలో పెరిగిన మలుగులను మాత్రం జాలిపడి నదిలో వదలవద్దు. జపాన్ మలుగు గాలితిత్తిలో (నీటిలో తేలడానికి తోడ్పడే గాలి సంచిలో) ఉండే పురుగు 1980ల మొదట్లో ఇలాంటి రవాణాతోనే ఐరోపాకు చేరింది. నేను కోసి చూసిన ఒక గాలితిత్తి పొర దళసరిగా, మచ్చలతో ఉంది. లోపల తడి దారాల్లా నల్లటి పురుగులు చుట్టుకుని ఉన్నాయి. సముద్రంలో తల్లి రాత్రి 200 మీటర్ల లోతులో, పగలు 500 మీటర్లకు పైగా లోతులో ఈదాలి. పాడైన తిత్తితో అంత దూరం వెళ్లడం కష్టం.

వచ్చే సీజనులో ప్రతి పోటుకూ 100 పిల్లలను లెక్కబెట్టి తూచి, తేదీ, తిథి, నీటి వేడి రాసి పంపండి. ఐరోపా జాతి అయితే 100 పిల్లలు సుమారు 30 గ్రాములు తూగాలి. తూము దగ్గర పట్టిన పెద్ద మలుగులు ఇంకా తొట్టి నీరు తగలకుండా నదిలోనే బుట్టలో ఉంటే, ఈ రాత్రే తూముకు దిగువన వదిలేయండి.